మేక కడుపునకు తోడు

రాత్రి పాలు కాచి, గోరువెచ్చనైన తరువాత ఒక చెంచాడు పెరుగు కలిపి మూతపెట్టుట మన యిండ్లలో నిత్యము జరుగు పని. ఆ చెంచాడు పెరుగును తోడు అందుము. ఒకనాడు ఇంట తోడు లేకపోయినచో ఇల్లాలు చిన్న గిన్నె చేతబట్టుకొని పొరుగింటికి పోవును. పొరుగింటి తోడుతో మన యింటి పాలు తెల్లవారునప్పటికి పెరుగగును. ఇందులో వింత యేమియు లేదని మనకు తోచును. కాని ఈ పనినే కొందరు శాస్త్రజ్ఞులు మేకల కడుపుల విషయమున చేసిరి. ఒక ద్వీపములోని మేకల కడుపునుండి తోడు తీసి, సముద్రము దాటించి, వేరొక ఖండములోని పశువుల కడుపులో వేసిరి. అంతవరకు ఆ పశువులకు విషమైన ఆకు, అటుపిమ్మట ఆహారమయ్యెను. ఆ కథను, దానికి ముందు వెనుకలుగా ఉన్న చరిత్రను నేడు మనవి చేయదలచితిమి.

ఇది ఇప్పుడు చెప్పుటకు కారణము కలదు. మేకలను, గొఱ్ఱెలను పెంచు శ్రోతలు మాకు వ్రాయు ఉత్తరములలో తరచుగా ఒక ప్రశ్న కనబడుచున్నది. ప్రోబయోటిక్ అను పేరుతో పొడులు, ముద్దలు అంగళ్లకు వచ్చినవి. వానిని దాణాలో కలిపి పాడిమేకకు పెట్టినచో పాలు పెరుగునా, రోగములు తగ్గునా అని వారడుగుచున్నారు. రెండు మూడు మేకల పాడిపై ఆధారపడిన సంసారమునకు ఆ పొడి వెల చిన్నది కాదు. కనుక అవుననియు కాదనియు ఒక్క మాటలో చెప్పి తప్పించుకొనుట న్యాయము గాదు. ఈ ఆలోచన ఎక్కడ పుట్టినదో, ఎక్కడ నిజముగా ఫలించినదో తెలిసికొన్నచో, ఎవరికి వారే నిర్ణయించుకొనగలరు.

మేక పేదవాని ఆవు అందురు. అడ్డసరము వంటి ఆకులు ఒకటి రెండు తప్ప అది ముట్టని పచ్చన లేదని కాపరులు చెప్పుదురు. అయితే ఆ ఆకులలోని పీచును అరిగించుకొను శక్తి మేకకు స్వతహాగా లేదు. పీచును విడగొట్టు రసమేదియు దాని శరీరములో ఊరదు. ఆ పని చేయునవి దాని కడుపులో కాపురమున్న సూక్ష్మజీవులు. నెమరువేయు జంతువుల కడుపు నాలుగు అరలుగా నుండును. మొదటిదియు పెద్దదియు అయిన అరను శాస్త్రజ్ఞులు రూమెన్ అందురు. పెరిగిన మేకలో ఇది 10 లీటర్లకు పైగా పట్టు తిత్తి. గాలి చొరని, వెచ్చని ఆ తిత్తిలోని ద్రవమును ఒక మిల్లీలీటరు తీసి లెక్కించినచో బాక్టీరియాలే వేయి కోట్ల వరకు నుండును. అవి పీచును పులియబెట్టి కొన్ని ఆమ్లములను పుట్టించును. ఆ ఆమ్లములే మేకకు బలము. వానిలో ఒకటి పాలలోని వెన్నకు ముడిసరకు. మరియొకటి పాలలోని చక్కెరకు మూలము. పని ముగించిన సూక్ష్మజీవులు తరువాతి అరలలోనికి కొట్టుకొనిపోయి, తామే అరిగి, మేకకు మాంసకృత్తులగును. మనము మేకకు మేత వేయుచున్నామనుకొందుము. నిజమునకు మనము ముందుగా మేపునది ఆ సూక్ష్మజీవులను.

ఈ సంగతి ఒక్కనాటిలో తెలిసినది కాదు. 1843లో పారిస్ నగరమున డేవిడ్ గ్రూబీ అను వైద్యుడును, ఆల్ఫోర్ పశువైద్య కళాశాలకు చెందిన డెలాఫోన్ అను ఆచార్యుడును పశువుల కడుపులోని ద్రవమును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందులో చురుకుగా తిరుగాడు జీవులను వర్ణించిరి. అవి అచట ఏమి చేయుచున్నవో తేలుటకు మరి నూరేండ్లు పట్టెను. గాలి తగిలినంతనే చచ్చు జీవులను ప్రయోగశాలలో పెంచుట ఎట్లు? ఈ చిక్కును విప్పినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హంగేట్. గాలిలోని ప్రాణవాయువు సోకకుండ గొట్టములలో వానిని పెంచు పద్ధతిని ఆయన 1950 నాటికి చక్కగా రూపొందించెను. 1966లో ఆయన ప్రకటించిన గ్రంథము ఈ శాస్త్రమునకు పునాది గ్రంథమని నేటికిని గౌరవము పొందుచున్నది.

అయితే శాస్త్రము రాకముందే కాపరులకు కొంత తెలియును. స్వీడన్ పల్లెలలో, నెమరు నిలిచిపోయిన పశువునకు ఆరోగ్యముగానున్న పశువు నోటినుండి నెమరుముద్దను తీసి తినిపించు ఆచారము పూర్వము ఉండెడిది. నేటి పశువైద్యులును కడుపు చెడిన పశువునకు, ఆరోగ్యవంతమైన పశువు రూమెన్ ద్రవమును వడకట్టి త్రాగించు చికిత్సను చేయుచున్నారు. పొరుగింటి తోడు అనుమాట ఇక్కడ అక్షరాల నిజము.

ఇక సజీవమైన సూక్ష్మజీవులను ఆరోగ్యము కొరకు తినవచ్చుననెడి ఆలోచన మనుష్యుల విషయమున ముందుగా పుట్టెను. 1905లో స్టామెన్ గ్రిగోరోవ్ అను బల్గేరియా యువకుడు జెనీవాలో చదువుచు, తన దేశపు పెరుగులో నుండు కడ్డీవంటి బాక్టీరియాను గుర్తించెను. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేయుచుండిన ఇల్యా మెచ్నికోవ్ దీనిని గ్రహించి, ప్రేగులలోని కుళ్లును పెరుగులోని జీవులు అణచుననియు, బల్గేరియా రైతుల దీర్ఘాయువునకు అదే కారణమనియు 1907లో వెలువడిన తన గ్రంథములో వాదించెను. 1908లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. అది పెరుగునకు వచ్చినది కాదు, శరీరములోని రక్షణకణములను గూర్చిన పరిశోధనకు వచ్చినది. అయినను లోకము ఆ రెంటిని కలిపి చెప్పుకొనెను. ఐరోపా నగరములలో పెరుగు బిళ్లలకు గిరాకి యేర్పడెను. తరువాత యేల్ విశ్వవిద్యాలయమున రెట్‌గర్ మున్నగువారు పరీక్షించి, బల్గేరియా బాక్టీరియా మనుష్యుని ప్రేగులలో నిలిచి కాపురము చేయదని 1920 ప్రాంతమున చెప్పిరి. మంచి ఆలోచనకును ఋజువునకును మధ్య ఎంత దూరమున్నదో ఈ చరిత్ర మొదటి అధ్యాయమే మనకు నేర్పుచున్నది.

ప్రోబయోటిక్ అను మాట అప్పటికింకను ఈ అర్థములో లేదు. 1965లో లిల్లీ, స్టిల్‌వెల్ అను ఇరువురు, ఒక సూక్ష్మజీవి విడిచి మరియొక దాని పెరుగుదలకు తోడ్పడు పదార్థమునకు ఆ పేరు పెట్టిరి. 1974లో పార్కర్ దానిని పశువుల దాణాలో కలుపు జీవులకు అన్వయించెను. 1989లో ఇంగ్లండునకు చెందిన ఫుల్లర్, అది సజీవమై యుండవలెననియు, తిన్న జంతువునకు మేలు చేయవలెననియు స్పష్టపరచెను. 2001లో ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు కూర్చిన నిపుణుల సభ మరియొక నియమమును చేర్చెను: అది తగినంత మోతాదులో ఉండవలెను. సజీవము, తగిన మోతాదు, కనబడు మేలు. ఈ మూడును మనస్సున నుంచుకొని మన కథలోనికి పోవుదము.

కథకు నాయకుడు ఒక చెట్టు. దానిని మనమెల్లరము ఎరుగుదుము. కృష్ణా, గుంటూరు, ప్రకాశం, ఖమ్మం ప్రాంతములలో కాగితపు మిల్లుల కొరకు తోటలుగా పెంచు సుబాబుల్ అదియే. దాని పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా. స్పెయిన్ దేశస్థుల ఓడలు దానిని పసిఫిక్ సముద్రము దాటించి ఫిలిప్పీన్ దీవులకు చేర్చెను. అక్కడినుండి ఆసియా అంతట ప్రాకెను. ఫిలిప్పీన్ ప్రజలు దానిని ఇపిల్ ఇపిల్ అనిరి. ఇండోనేషియావారు లమ్‌తోరో అనిరి. హవాయి దీవులలో దానిని పరదేశపు కోవా చెట్టు అను అర్థముగల పేరుతో పిలిచిరి. మన దేశమున మణిభాయి దేశాయి నెలకొల్పిన బైఫ్ సంస్థ, పూనా దగ్గరి ఉరుళీకాంచన్ కేంద్రమునుండి 1970 తరువాతి దశకములో దీనిని రైతులకు పరిచయము చేసెను. ఎండకు ఓర్చును. నరికిన కొలది చిగుర్చును. ఎండిన ఆకులో ఇంచుమించు నాలుగవ వంతు వరకు మాంసకృత్తులుండును. మేకలకు ప్రీతి. ఇంతకన్న ఏమి కావలెను?

కాని దీనిలో ఒక దోషము కలదు. గుఱ్ఱములు దీనిని మేసినచో జూలు, తోక వెండ్రుకలు రాలిపోవును. కారణము మిమోసిన్ అను పదార్థము. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థలో హెగార్టీయు ఆయన తోడివారును 1964లో, ఈ ఆకు తిన్న గొఱ్ఱెలకు ఉన్ని ఊడిపోవుటను ప్రకటించిరి. నెమరువేయు పశువుల కడుపులోని జీవులు మిమోసిన్‌ను విడగొట్టగలవు. అంతటితో చిక్కు తీరలేదు. అది విడిపోయి డి.హెచ్.పి. అను మరియొక పదార్థమగుననియు, అది గొంతులోని థైరాయిడ్ గ్రంథిని బాధించుననియు 1976లో ఆ బృందమే తేల్చెను. అట్టి పశువునకు గ్రంథి ఉబ్బును, చొంగ కారును, మేత సహించదు, బరువు తగ్గును. అనగా కడుపులోని కూలీలు ఒక విషమును సగము విరిచి రెండవ విషమును మిగిల్చిపోవుచున్నారు. మిగిలిన సగము పని చేయువారు లేరు.

ఆస్ట్రేలియాలో ఇట్లుండగా, హవాయి దీవులలో మేకలు ఈ చెట్టునే ప్రధానాహారముగా మేసి నిక్షేపముగా నుండెను. ఈ వైరుధ్యము రేమండ్ జోన్స్ అను శాస్త్రజ్ఞుని దృష్టి నాకర్షించెను. ఆయన ఉత్తర ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో పచ్చికబయళ్ల పరిశోధనలో నుండినవాడు; పశువైద్యుడు కాడు. చెట్టు ఒక్కటే, ఆకు ఒక్కటే. మరి భేదము ఎక్కడ? హవాయి మేకలకు ప్రత్యేకమైన రక్తము లేదు. ఆయన ఊహ వేరు. హవాయి మేకల రూమెన్‌లో డి.హెచ్.పి.ని కూడ విరువగల జీవి యేదో ఉండవలెను. ఆస్ట్రేలియా మేకల రూమెన్‌లో అది లేకపోవలెను. 1981లో ఈ ఊహను ఆయన ప్రశ్నరూపముగా ప్రకటించెను. 1983లో మెగారిటీతో కలిసి ఇరు దేశముల మేకలను పోల్చిన ఫలితములను వెలువరించెను. ఆస్ట్రేలియా మేకల మూత్రములో ఆ విషపదార్థము మిక్కుటముగా పోవుచుండెను; హవాయి మేకలలో అది లేనంత తక్కువగా నుండెను.

ఆలోచించి చూచినచో ఇందులోని కారణము సులభముగా బోధపడును. చెట్టు విత్తు రూపమున ఆస్ట్రేలియాకు వచ్చినది. పశువులు వేరొక దారిని, ఐరోపా మున్నగు చోట్లనుండి వచ్చినవి. ఆ చెట్టును అరిగించు జీవి ఈ రెండు దారులలో దేనివెంటను రాలేదు. విత్తును తెచ్చినవారు తోడును తెచ్చుట మరచిరి.

మరచిన దానిని తెచ్చిన పరీక్ష ఇక తప్పదు. 1984లో జోన్స్, లౌరీ అనువారు ఒక ఇండోనేషియా మేక రూమెన్ ద్రవమును ఆస్ట్రేలియా మేకల కడుపులో పోసిరి. పోసిన తరువాత ఆ మేకలు డి.హెచ్.పి.ని విరువగలిగెను. తరువాత హవాయి మేకలనుండి తీసిన బాక్టీరియాను ఆస్ట్రేలియాకు తీసికొనివచ్చి అచటి పశువులకు ఇచ్చిరి. విజయము కలిగినదని జోన్స్, మెగారిటీ 1986లో ప్రకటించిరి. ఒక సంగతి గమనింపదగినది. ఒక్కొక్క పశువునకు మందు పోయవలసిన అవసరము లేకపోయెను. మందలో కొన్నిటికి ఇచ్చినచో, కలిసి మేయుటవలన కొన్ని వారములలో తక్కినవానికిని ఆ జీవి సంక్రమించుచుండెను. రోగము ప్రాకుట మనమెరుగుదుము. ఇక్కడ ఆరోగ్యము ప్రాకెను.

ఆ జీవిని విడదీసి, గాలి చొరని గొట్టములలో పెంచి, గుణములు పరీక్షించి, అమెరికాకు చెందిన మిల్టన్ ఆలిసన్ ప్రభృతులు 1992లో దానికి నామకరణము చేసిరి. సినర్జిస్టీస్ జోన్సీ అని దాని పేరు. అందులోని జోన్సీ అనునది రేమండ్ జోన్స్ స్మారకము. ఆదర్శముగా నిర్ణయింపబడిన వంశము హవాయిలోని ఒక మేక రూమెన్‌నుండి తీసినదే. ఈ జీవి తక్కిన వానివలె చక్కెరలను ముట్టదు. డి.హెచ్.పి.ని, కొన్ని అమైనో ఆమ్లములను తిని బ్రతుకును. మేకకు విషమైనది దానికి విందు.

తరువాత క్వీన్స్‌లాండ్ రాష్ట్రములో రూమెన్ ద్రవమును పెద్ద పాత్రలలో పులియబెట్టి రైతులకు పంచు ఏర్పాటు జరిగెను. కాని కథ ఇంతటితో సుఖాంతమని చెప్పి ముగించుట సత్యము గాదు. తోడు వేసిన మందలలో కూడ కొన్ని విషప్రభావమునకు లోనగుచున్నట్లు తరువాతి పరీక్షలు చూపెను. ఇటీవలి సంవత్సరములలో ఇండోనేషియా పశువులను పరిశీలించినవారికి మరియొక వింత కనబడెను. చాల పశువుల మూత్రములో ఆ పదార్థము మిక్కిలిగా నున్నను అవి ఆరోగ్యముగా నుండెను. కాలేయము దానిని వేరొక పదార్థముతో జోడించి నిరపాయము చేయుచున్నదని వారు వాదించుచున్నారు. అందుచేత సూక్ష్మజీవి పాలెంత, కాలేయము పాలెంత అను విచారణ నేటికిని సాగుచున్నది. ఒక గొప్ప ప్రయోగము జరిగిన ముప్పది యేండ్లకు కూడ దానిని మరల ప్రశ్నించుట శాస్త్రమునకు అవమానము కాదు. అదే దాని నడక.

ఇప్పుడు మన శ్రోతల ప్రశ్నకు వత్తము. జోన్స్ తెచ్చిన తోడు ఎందుకు ఫలించెను? అక్కడ ఒక నిర్దిష్టమైన కొరత ఉండెను. ఆ కొరతను తీర్చు నిర్దిష్టమైన జీవి దొరికెను. మూత్రమును, రక్తమును పరీక్షించి ఫలితమును కొలిచిరి. అంగడిలోని పొడి విషయమున ఈ మూడింటిని మనము వెదుకవలెను.

పాడిమేకలకు ఎక్కువగా ఇచ్చి చూచినది ఈస్టు, అనగా రొట్టెపిండిని పొంగించు జీవి. పాలిచ్చు పశువులకు ఈస్టు పెట్టి చూచుట క్రొత్త కాదు. 1925లోనే ఎకిల్స్, విలియమ్స్ అనువారు అమెరికాలో ఆవులకు పెట్టి చూచిరి. మేతతోపాటు రూమెన్‌లోనికి చొరబడు కొద్దిపాటి ప్రాణవాయువును ఈస్టు పీల్చివేయును. అందువలన పీచును విరుచు బాక్టీరియాకు అనుకూలత కలుగును. ధాన్యపు దాణా ఎక్కువైనప్పుడు పుట్టు పులుపును అదుపులో నుంచుటకును తోడ్పడును. 2007లో ఇటలీ శాస్త్రజ్ఞులు, ఈనిన తొలి నెలలలో నున్న మేకలకు సజీవ ఈస్టు ఇచ్చి, పాలు పెరిగినట్లు ప్రకటించిరి. కాని 1997లో సైప్రస్ దీవిలో ఈస్టు పెట్టిన మేకలలోను, గొఱ్ఱెలలోను చెప్పుకొనదగిన మార్పు కనబడలేదు. రెండును నమ్మదగిన పరీక్షలే. మేత వేరు, ఈస్టు వేరు, మంద వేరు. లోటు ఉన్నచోట తోడు పనిచేయును. సమృద్ధిగా పులిసిన పెరుగులో మరియొక చెంచాడు వేసిన ప్రయోజనమేమి?

ఈ పొడులకు నేడు ఇంత గిరాకి వచ్చుటకు మరియొక కారణము కలదు. 1950 ప్రాంతమునుండి అనేక దేశములలో పశువులు త్వరగా పెరుగుటకై దాణాలో ఆంటిబయోటిక్ మందులను కొద్ది కొద్దిగా కలుపుచు వచ్చిరి. దానివలన మందులకు లొంగని రోగక్రిములు బలియునను భయము పుట్టి, స్వీడన్ 1986లోను, ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1వ తేదీనుండియు ఆ వాడుకను నిషేధించెను. క్రిములను చంపు మందునకు మారుగా మేలుచేయు జీవులను పెంచు దారి వెదకుట అప్పటినుండి ముమ్మరమయ్యెను. ఉద్దేశము మంచిది. మంచి ఉద్దేశమే ఋజువు కాదని మెచ్నికోవ్ కాలమునుండి మనకు తెలిసినదే.

కావున మేము చెప్పగలది ఇది. మొదట మేతను సరిచూడుడు. పీచుగల మేత చాలినంత లేక ధాన్యము ఎక్కువైన మేకకు ఏ పొడియు శాశ్వతముగా మేలు చేయలేదు. మేతను ఒక్కసారిగా మార్చకుడు. కడుపులోని జీవులు క్రొత్త మేతకు అలవాటుపడుటకు రెండు వారములైనను గడువు కావలెను. సుబాబుల్ ఆకును మొత్తము మేతలో మూడవ వంతుకు మించకుండ, కొద్ది కొద్దిగా అలవాటు చేయుడు. పుట్టిన పిల్లను తల్లి నాకనిండు. తల్లినుండియే దానికి తొలి తోడు అందును. పొడి కొనదలచినచో, అందులో ఏ జీవి ఉన్నది, ఎన్ని సజీవముగా నున్నవి, గడువు ఎంతవరకు అని చీటీపై చూడుడు. ఎండలో మాడిన పొడిలోని జీవి చచ్చి యుండును. చచ్చిన తోడు పాలను తోడుకొననీయదు. నాలుగు మేకలున్నచో రెంటికి పెట్టి, రెంటికి మాని, ఇరువది ముప్పది దినములు పాలు కొలిచి వ్రాసికొనుడు. ఇక ఒక మేక కడుపు ద్రవమును మరియొక మేకకు పోయుట మాత్రము పశువైద్యుని చేతిమీదుగా జరుగవలసిన పని. మేలుతోపాటు కీడును ఆ ద్రవములో ప్రయాణము చేయవచ్చును.

జోన్స్ చేసినదియు మొదటికి ఇట్టి చూపే. రెండు చోట్ల మేకలు ఒకే ఆకు మేయుచున్నవి. ఒకచోట చిక్కుచున్నవి, ఒకచోట బలియుచున్నవి. అట్టి భేదము మన పెరటి మందలలోను కనబడవచ్చును. కనబడినచో కొలిచి, వ్రాసి, మీ ఊరి పశువైద్యునకు చూపుడు.